పదిహేడో ఎక్కం

మొన్న ఉదయం మా మనవరాలు పుస్తకం పట్టుకుని వరండాలో ఈ చివరినుంచి ఆ చివరికి నడుస్తూ చదువుతోంది. ఒకచోట కూర్చుని చదవవేమే అన్నాను. లోపలినుంచి కోడలు, "దాన్నలా వదిలేయండి మావయ్యగారూ, నడిస్తేనే దానికి తలకెక్కుతుంది. ఒక్కొక్కళ్ళ బుర్ర ఒక్కోలా పనిచేస్తుందని వాళ్ళ టీచరే చెప్పింది" అంది. ఆ సంగతి నాకు స్వాతంత్ర్యం వచ్చిన కొత్తల్లోనే తెలుసని చెప్పబోయి ఊరుకున్నాను.

అప్పట్లో నేను నూజివీడులో ఫస్టు ఫారం, అంటే ఇప్పటి ఆరో క్లాసు చదివి, లెక్కల్లో తప్పాను. పుస్తకం ముందు పెట్టుకుని ఊరికే పెదవులు కదిలించడంలో నాకున్న నేర్పు మరెందులోనూ ఉండేది కాదు. బడి తెరిచేసరికి ఇరవైదాకా ఎక్కాలు ఒప్పజెబితే పై క్లాసుకి పంపిస్తానన్నారు లెక్కల మేష్టారు. లేకపోతే చదువు మాన్పించి తోట కాపలాకి పెడతానన్నాడు మా నాన్న. ఆయన అన్నమాట వెనక్కి తీసుకునే మనిషి కాదు. నాకు పన్నెండో ఎక్కం దాటి వచ్చేది కాదు. పదమూడు ఎక్కించుకునేసరికి పన్నెండు దిగిపోయేది.

సెలవుల్లో చాట్రాయి దగ్గర మా మేనత్త తోటకి పంపారు. రసాల కోతలు జోరుగా సాగుతున్నాయి. ఎటు చూసినా సొన వాసన, ఎండుగడ్డి వాసన. రాశిలోంచి ఒక్కో కాయే తీసి, పైకి లెక్క చెబుతూ గంపలో పేర్చడం నా పని. నిండిన గంపకి పైన గడ్డి కప్పి, తాడుతో కుట్టేసి బండిమీదికి ఎక్కించేవారు. మొదటి కాయని అక్కడెవరూ ఒకటి అనరు, 'లాభం' అంటారు. లాభం, రెండు, మూడు... అలా సాగాలి. తెలిసీ ఒకసారి ఒకటి అనేశాను. "ఏంట్రా మేనల్లుడా, లాభాన్ని బళ్ళోనే వదిలేసొచ్చావా? లెక్క తప్పితే అక్కడే తప్పు, నా తోటలో కాదు" అంది అత్తయ్య. కూలీలు పగలబడి నవ్వారు.

విసుగుపుట్టి ఓ రోజు కాయల లెక్కకి బదులు పదమూడో ఎక్కం అందుకున్నాను. ఎక్కానికి పది కాయలు. లెక్క చెడదు కనక అత్తయ్య అడ్డుపడలేదు. చిత్రంగా, చెయ్యి కాయమీద పడగానే అంకె నాలుకమీదికి వచ్చేది. కోతలు అయ్యేసరికి ఎక్కాలూ అయిపోయాయి.

బడి తెరిచిన రోజున నాన్న కూడా వచ్చి గుమ్మం బయట నిలబడ్డాడు. మేష్టారు చేతులు కట్టుకోమని, పదిహేడో ఎక్కం అడిగారు.

"పదిహేడు లాభం పదిహేడు" అన్నాను.

క్లాసు గొల్లుమంది. ఆపైన నాకు ఒక్క ముక్క గుర్తు రాలేదు. మేష్టారు మాత్రం నవ్వలేదు.

"ఎవరి తోటలోరా కోతలు?"

"మా అత్తయ్యదండి."

"సరే, ఆ చేతులు విప్పి గంప నింపు."

గాలిలోంచి కాయలు అందుకుంటూ నూటడెబ్బైదాకా ఆగకుండా చెప్పాను. "గంప కుట్టేసి వీణ్ణి పైకి పంపేయండ్రా" అన్నారాయన. నాన్న గుమ్మం దగ్గరనుంచే ఇంటిదారి పట్టాడు.

ఆ తరవాత నా చదువంతా చేతులు ఆడించుకుంటూనే సాగింది. ఇంత తెలిసినవాణ్ణి, నా కొడుకు దగ్గరికొచ్చేసరికి మా నాన్ననే అయ్యాను. వాడు చదివేటప్పుడు కాగితం అంచున పెన్సిలుతో ఏవో గీతలు గీసుకునేవాడు. పెన్సిలు లాక్కుని, చేతులు కట్టించి నా ఎదురుగా కూర్చోబెట్టేవాణ్ణి. వాడు తప్పలేదు, బాగా చదివిందీ లేదు. నన్ను ఏదైనా అడగడం మాత్రం మానేశాడు.

మొన్న సాయంత్రం వాడు ఆఫీసునుంచి రాగానే, "చిన్నప్పుడు నీకు ఎలా చదివితే వచ్చేదిరా?" అని అడిగాను. వాడు చెప్పులు విప్పుతూ, "ఇప్పుడెందుకు నాన్నా?" అన్నాడు. కోపమేమీ లేదు. నిజమే, ఆ ప్రశ్న అడగవలసింది వాడికి పదేళ్ళున్నప్పుడు. ఇన్నేళ్ళకి అడిగితే అది ఉత్త కుశలప్రశ్నే.