ఎక్కుడు సగం

నా తెలివితక్కువతనం గురించి పూర్తిగా చెప్పాలంటే రెండు గోల్‌పోస్టుల మధ్య ఉన్నంత జాగా కావాలి. కొద్దిలో చెప్తాను. డిగ్రీ మూడేళ్ళూ మా కాలేజీ ఫుట్‌బాల్ జట్టులో నేను ఫార్వర్డును. గోలు కొట్టడమే నా కొలువు. చివరి మ్యాచు వరకూ నేను కొట్టినవి సున్నా. అయినా జట్టుకు ఆయువుపట్టు నేనేనని రెండున్నరేళ్ళు గట్టిగా నమ్మాను.

అప్పటికి తెలంగాణ రాష్ట్రం వచ్చి ఎన్నాళ్ళో కాలేదు. మహబూబ్‌నగర్‌లో హాస్టల్లో ఉండి చదివేవాణ్ణి. మా కాలేజీకి గ్రౌండైతే ఉంది గానీ చదునుగా లేదు. మొరం నేల, తూర్పు గోలు నుంచి పడమటి గోలుకు వాలు. వాన పడితే నీళ్ళు ఆ వైపు వరసగా పారేవి, ఎవరో ఆఫ్‌సైడ్ చూసి పంపినట్టు. చదును చేయిస్తామని వచ్చిన ప్రతి ప్రిన్సిపాలూ మాటిచ్చారు. మాటలు నిలబడలేదు, గ్రౌండూ నిలబడలేదు, ఒరిగే ఉంది.

మాకు ఆట నేర్పేది పీడీ సారు. కాలేజీల్లో ఆటల సారును అలాగే పిలుస్తారు. అది పీడ అనే మాటకు గౌరవవాచకమని సీనియర్లు అనేవారు. నేను చేరిన మొదటి రోజు ఆయన బంతిని గ్రౌండు నడిమధ్యన పెట్టి, చెయ్యి తీసి, నాలుగడుగులు వెనక్కి జరిగారు. బంతి ఒక క్షణం ఆలోచించుకుని, మెల్లగా పడమటి గోలు వైపు బయలుదేరింది.

"చూసిన్రా? గిదే నా ప్లాను. నీరు పల్లమెరుగు," అన్నారు సారు.

ఆ సామెతకు రెండో సగం ఉంది, 'నిజము దేవుడెరుగు' అని. దాని అవసరం సారుకు ఎప్పుడూ పడలేదు. ఒకసారి బయటి కాలేజీ కోచ్ గ్రౌండు వంకరగా ఉందని ఫిర్యాదు చేస్తే, ఇది పళ్ళెంలా చదునైన నేల అని కాగితం మీద రాసిచ్చి సంతకం పెట్టిన మనిషి ఆయన.

ఆయన దాడి సిద్ధాంతం ఇదీ. మొదటి సగం మేము ఎగువకు ఆడాలి. గోలు కొట్టక్కర్లేదు, ఇవ్వకుంటే చాలు. రెండో సగం దిగువకు, అప్పుడు కాలికి అందిన ప్రతి బంతినీ గోలు వైపు తన్నాలి. టాస్ గెలిస్తే ఎగువే కోరుకోవాలి. ఓడినా ఫికర్ లేదు, కొత్తగా వచ్చినవాడు వాలు చూసి మురిసిపోయి దిగువే కోరుకుంటాడు. గెలిచినా ఓడినా మాకు ఎక్కుడే.

ఎక్కడానికి ఒక ఫార్వర్డు, దిగడానికి ఇంకొకడు. ఎక్కేవాణ్ణి నేను. దిగేవాడు జడ్చర్ల నుంచి బస్సులో వచ్చే నా క్లాసువాడు. కాలేజీ ఫార్వర్డుకని కొన్న మంచి బూట్లు ఒక్కటే జత. మొదటి సగం అవి నా కాళ్ళకు ఉండేవి, వాడు క్యాంటీన్లో ఉండేవాడు. విరామంలో నేను విప్పితే, వెచ్చగా ఉండగానే వాడు తొడుక్కుని వెళ్ళి రెండో మూడో గోల్స్ కొట్టి వచ్చేవాడు. బొబ్బలు నాకు, బొబ్బలు పెట్టే జనం వాడికి.

నాకెప్పుడైనా మొహం చిన్నబోతే సారు భుజం మీద చెయ్యి వేసేవారు. "వాడు గోలు కొడుతడు, కాదన. కానీ నీ లెక్క ఎక్కేటోడు నాకు ఇంకోడు దొరకడు బిడ్డా." నేను ఉబ్బిపోయేవాణ్ణి. ఎక్కుడు అంటే గొప్ప అనే అర్థం కూడా ఉందని నిఘంటువులో చూసి పెట్టుకున్నాను. ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది గానీ, ఆ మాట నోట్‌బుక్ అట్ట మీద కూడా రాసుకున్నాను.

ఆఖరి సంవత్సరం పండుగ సెలవులకు మా ఊరు ఆత్మకూర్ పోయినప్పుడు నాయిన మగ్గం మీద ఉన్నాడు. ఎన్ని కొట్టినవని అడిగాడు. మా జట్టు చాలా కొట్టిందన్నాను. జట్టు సంగతి కాదు, నీ సంగతన్నాడు. బూట్ల సంగతితో సహా అంతా విడమరిచి చెప్పాను, మెచ్చుకుంటాడని. ఆయన పోగును అటూ ఇటూ మోసే నాడెను ఆపాడు.

"అంటే ఒళ్ళు నువ్వు నేస్తున్నవ్, కొంగు వాడు నేస్తుండు," అన్నాడు. "చీర జూసేటోళ్ళు కొంగే జూస్తరు నాయినా."

అంతే అని మళ్ళీ నాడె విసిరాడు. నేను మాత్రం ఆ పండుగ సెలవులంతా నిద్ర సరిగా పోలేదు. కాలేజీ వదిలేలోపు ఒక్క గోలు, ఒకే ఒక్కటి, నా కాలితో కొట్టాలి. లేకపోతే మూడేళ్ళు ఫుట్‌బాల్ ఆడానని రేపు ఎవరికి చెప్పినా, ఎన్ని కొట్టావని అడుగుతారు. అడిగినవాళ్ళకల్లా గ్రౌండు వాలు బొమ్మ గీసి చూపించాలి.

తిరిగొచ్చాక సారును అడిగాను, ఒక్కసారి రెండో సగం ఆడనిమ్మని.

"ఎక్కేటోనికి దిగుడెందుకురా? కాళ్ళు చెడిపోతయి," అన్నారు. నా మనసు చెడకుండా ఉండాలని కాబోలు, ఆ వారమే నన్ను కెప్టెన్ను చేశారు. కెప్టెన్ పని టాస్ వేసే చోటికి వెళ్ళి, సారు చెప్పిన మాట చెప్పి రావడం.

మా చివరి మ్యాచు నల్లగొండ వైపు నుంచి వచ్చిన కాలేజీతో. అప్పటికే రెండు జట్లూ పోటీ నుంచి బయటపడ్డాయి, లెక్కకు ఆడే ఆట. పొద్దుటి ఆట, మబ్బు పట్టి ఉంది. రిఫరీ నాణెం ఎగరేశాడు, నేను గెలిచాను. ఏ గోలు వైపు ఆడతారని అడిగాడు. నా చెయ్యి నన్నడగకుండానే పడమటికి, దిగువ వైపుకు లేచింది.

గీత దగ్గర నిలబడ్డ సారు గొడుగు కింద నుంచి బయటికి వచ్చారు. "ఏం జేసినవ్‌రా?"

"ఎండ కండ్లల్ల పడుతుంది సార్," అన్నాను.

ఆయన తలెత్తి ఆకాశమంతా వెతికారు. ఎండ ఎక్కడా లేదు. ఇటు వాలు ఉంది, అందుకే వద్దని రిఫరీతో అందామంటే ఎలా? చదునని సంతకం పెట్టింది తానే. పోనీ దిగేవాణ్ణి దింపుదామంటే వాడు క్యాంటీన్లో ఉన్నాడు, బూట్లు నా కాళ్ళకున్నాయి. సారు మళ్ళీ గొడుగు కిందికి వెళ్ళిపోయారు.

దిగువకు ఆడటం తేలికనుకున్నాను చూడండి, అది నా రెండో తెలివితక్కువతనం. మూడేళ్ళు బంతిని ఎగువకు తోసిన కాళ్ళవి. ఎంత మెల్లగా తన్నినా బంతి నాకన్నా ముందు వెళ్ళి గోలు వెనకాల మురుగు పారే మోరీలో పడుతోంది. మోరీలోకి దిగి తెచ్చేది వాళ్ళ గోలు కాసే గోలీ. నాలుగోసారి వాడు తడిసిన కాళ్ళతో నా దగ్గరికి వచ్చి, "అన్నా, జర గోలన్న కొట్టు, నా పానం పోతాంది," అని బతిమాలాడు. ఎదుటి జట్టు గోలీ గోలు కొట్టమని ప్రాధేయపడిన ఫార్వర్డు జిల్లాలో నేనొక్కణ్ణేనేమో.

విరామానికి కాసేపటి ముందు మావాడొకడు వెనకనుంచి పొడుగ్గా తన్నాడు. నేను పరుగెత్తి, మొరం మీద జారి, వెల్లకిలా పడ్డాను. వచ్చిన బంతి నా బూటు అంచుకు తగిలి పక్కకు తిరిగింది. గోలీ మోరీ వైపు చూస్తున్నాడు, అలవాటు ప్రకారం. బంతి ఎవరి సాయమూ లేకుండా దొర్లుకుంటూ లోపలికి వెళ్ళింది. దాన్ని నేను కొట్టానా, గ్రౌండు కొట్టిందా అన్నది వాదించుకోదగ్గ విషయమే. నేను వాదించలేదు. లేచి చేతులెత్తాను.

రెండో సగం బూట్లు వాడికిచ్చాను. జడ్చర్లవాడు జీవితంలో మొదటిసారి ఎక్కాడు. పది నిమిషాలకు గీత దగ్గరికి వచ్చి మోకాళ్ళు పట్టుకుని నిలబడి, "ఎట్ల ఆడినవ్‌రా మూడేండ్లు?" అన్నాడు. ఆ మాటకు వాడి గోల్స్ అన్నీ మాఫీ చేశాను. నల్లగొండవాళ్ళకూ వాలు అలవాటు లేదు, వాళ్ళు తన్నినవన్నీ మోరీకే పోయాయి, ఒక్కటి తప్ప. ఒకటి ఒకటితో ఆట ముగిసింది.

సాయంత్రం సారు గదిలో రిజిస్టరు తెరిచారు. మ్యాచు వివరాలు, గోలు కొట్టినవాడి పేరు, చివరి గడిలో కోచ్ సంతకం. తేదీ, కాలేజీ పేరు రాసి, గోలు కొట్టినవాడి గడి దగ్గర కలం ఆపారు. తిడతారనుకుని నిలబడ్డాను. ఆయన తల ఎత్తకుండానే అడిగారు.

"నీ పూర్తి పేరేందిరా?"

మూడేళ్ళు నన్ను 'ఎక్కేటోడా' అనే పిలిచిన మనిషి ఆయన. నేను ఇంటిపేరుతో మొదలుపెట్టాను. తర్వాత నా పేరు, రెండు భాగాలుగా. తర్వాత నాయిన పేరు, తాత పేరు, ఊరు, ఏదీ వదలకుండా, నింపాదిగా. సారు రాస్తూ పోయారు. అక్షరాలు ఆ గడిలో పట్టక, గీత దాటి, కోచ్ సంతకం పెట్టాల్సిన గడిని కూడా నింపేశాయి. ఆయన తన సంతకాన్ని కింద, గీతల బయట, అంచు మీద పెట్టుకోవాల్సి వచ్చింది.