చిన్నోళ్లే ముందు చెప్పాలె

కృపాకర్‌ది సూర్యాపేట. యాభై దగ్గరపడ్డ మనిషి, బాస్కెట్‌బాల్ కోచింగ్ తప్ప మరో విద్య రాదు. జీతాలిచ్చి ఆడించే జిల్లాల లీగ్‌లో మొదట మిర్యాలగూడ మగవాళ్ల జట్టుకు కోచ్. రైసు మిల్లుల వాళ్లు పెట్టిన జట్టు అది. ఈయన అరిచేవాడు, వాళ్లు ఆడేవాళ్లు. ఒక ఏడు వరసగా ఓడేసరికి సాగనంపారు. కోదాడ ఆడవాళ్ల జట్టు పిలిస్తే అక్కడికి వెళ్లాడు. "మగజట్టు నుంచి ఆడజట్టుకు దిగిండు," అని పేటలో టీకొట్టు దగ్గర నవ్వుకున్నారు. నవ్వేవాళ్లకేం, నోరుంటే చాలు.

కోదాడలో ఆట మధ్య టైమౌట్ తీసుకుని, ఎక్కడ తప్పుతున్నామో చెప్పమంటే అమ్మాయిలు నోరు మెదిపేవారు కాదు. కెప్టెన్ కల్పన ముందు చిన్నవాళ్లు మాట్లాడటం మర్యాద కాదట. అందుకని కృపాకర్ ఒక పద్ధతి పెట్టాడు. అందరికన్నా చిన్నది ముందు చెప్పాలి, కోచ్ చివర. ఒక మ్యాచ్‌లో పద్దెనిమిదేళ్ల భూలి, "అక్కా, నువ్వు అలిసిపోయినవ్, జర కూసో," అంది. కల్పన సరేనని వెళ్లి బెంచీ మీద కూర్చుంది. ఆ ఏడు కప్పు కోదాడకే వచ్చింది.

కప్పు చూసి మిర్యాలగూడ వాళ్లు మళ్లీ పిలిచారు. కృపాకర్ కల్పనకు ఫోన్‌లో ఒక మాట చెప్పి వెళ్లిపోయాడు, వెంట తన పద్ధతినీ తీసుకుపోయాడు. సెమీఫైనల్లో నాలుగు పాయింట్లు వెనకబడి ఉండగా టైమౌట్ తీసుకుని, జట్టులో చిన్నవాడు నాగరాజును చెప్పమన్నాడు.

"శ్రీహరన్న బాల్ ఇడుస్తలేడు సార్," అన్నాడు వాడు.

శ్రీహరి కెప్టెన్. "పదేండ్లు చిన్నోనితోని నన్ను మాటనిపిస్తవా సార్?" అని తువ్వాలు భుజాన వేసుకుని వెళ్లి బెంచీ చివర కూర్చున్నాడు. కొత్తల్లుడి అలకైతే ఉంగరంతో తీరేది. జట్టు ఓడింది. మర్నాడే, ఇగ రావద్దన్నారు.

కృపాకర్‌కు కోపం రాలేదు, ఏడుపూ రాలేదు. పన్ను పీకేముందు సూదేసినట్టు లోపలంతా మొద్దుబారింది. రెండు నెలలు పొద్దున్నే లేచి విజిల్ మెడలో వేసుకుని ఇంట్లోనే కూర్చున్నాడు. చివరికి భార్య సువార్తమ్మ, "కోదాడ పోయి అడుగుండ్రి," అంది.

ఇప్పుడు అక్కడ కోచ్ కల్పనే. ఆయన వెళ్లేసరికి ప్రాక్టీసు ముగించి అమ్మాయిలను గుండ్రంగా కూర్చోబెట్టింది. ఆయనకూ కుర్చీ వేయించింది.

"పద్ధతి మీరు పెట్టిందే కదా సార్. అందరికన్నా వెనక వచ్చినవాళ్లు ఇక్కడ చిన్నవాళ్ల కింద లెక్క. ముందు మీరే చెప్పాలి," అంది.

ఇటేదో పనుండి వచ్చానని చెబుదామని బస్సులో అనుకున్నాడు. నోరు తెరిస్తే వేరే మాట వచ్చింది.

"నన్ను తీసేసిండ్రమ్మా. పని కావాలె."

సిగ్గేస్తుందనుకున్నాడు, అదీ వెయ్యలేదు.

"కోచ్ పని లేదు సార్. నాకు సాయంగా ఉండే పనుంది," అంది కల్పన.

ప్రాక్టీసు అయ్యాక బంతులు ఏరేది చిన్నవాళ్లే. భూలి అలవాటుగా సంచి తీసుకుంది. కృపాకర్ లేచి ఆమె చేతిలోంచి సంచి అందుకుని, బంతులన్నీ ఒక్కొక్కటే ఏరి వేశాడు. సంచి మూతి కట్టి కల్పన దగ్గరికి వచ్చాడు.

"రేపు ఎన్నింటికి రావాలె మేడం?" అని అడిగాడు.