మా నాయనమ్మ బతుకు హిస్టరీ కాదట!

మా చిన్నప్పుడు... మలేసియాలో సుంగై పెటాని ఊరి దగ్గర రబ్బరు ఎస్టేట్‌లో పిల్లలమంతా 'పెరట్టు' ఆట ఆడేవాళ్ళం. అంటే పొద్దున్నే కూలీలను వరసలో నిలబెట్టి పేర్లు పిలిచే హాజరన్నమాట. ఒకడు కంగాణి, చేతిలో కర్ర పట్టుకున్న మేస్త్రీ. మిగతావాళ్ళం చేతులు కట్టుకుని, తల వంచుకుని...

ఆ వంగడం నాకు మహా బాగా వచ్చేది. పెద్దవాళ్ళను చూసి పట్టేశాను.

ఒకసారి అది మా నాయనమ్మ కంట పడింది. రబ్బరు చెట్లు గీసి గీసి కాయలు కాసిన చేత్తో నా గెడ్డం పట్టి పైకెత్తింది.

"ఏటే ఆ వంగడం? మేం వంగినాం, సాల్దా?"

ఆ సాయంత్రం అందర్నీ కూర్చోబెట్టి చెప్పింది... వాళ్ళ నాన్న మన తెలుగు ఊరు వదిలి ఓడెక్కి ఈ దేశం వచ్చిన సంగతి, జ్వరమొచ్చినా పెరట్టులో నిలబడాల్సిందేనన్న సంగతి, దొర బూటుకాలి సంగతి. మా బడి పుస్తకంలో అవేవీ లేవు.

ఇప్పుడు మేం సైబర్‌జయలో ఉంటున్నాం. మా పాప నాలుగో క్లాసు. పోయిన నెల వాళ్ళ బళ్ళో నల్లజాతివారి చరిత్ర చెప్పారు. ఆఫ్రికా నుంచి గొలుసులేసి తెచ్చిన మనుషులు, పత్తి తోటలు, వాళ్ళ పాటలు, పోరాటాలు... ఎంత మంచి పాఠం! పాప ఇంటికొచ్చి కళ్ళనీళ్ళతో చెప్పింది. నాకు భలే సంతోషమేసింది.

మర్నాడు అది క్లాసులో చెయ్యెత్తి, "మా అమ్మవాళ్ళ నాయనమ్మ కూడా తోటలోనే పనిచేసింది" అని మొదలుపెట్టిందట. అది వేరు, మీవాళ్ళు కూలికి వచ్చారు, పాఠంలో లేదు, కూర్చోమన్నారట టీచరు. పిల్లలు నవ్వారట.

వేరే! తెలుసండీ. మావాళ్ళను ఎవరూ సంతలో పెట్టి అమ్మలేదు. ఆ బాధకీ మా బాధకీ పోటీ పెట్టమని ఎవరడిగారు? వేరే అయితే ఆ వేరేదేదో చెప్పండి! ఈ దేశం అమ్ముకున్న రబ్బరు ఎవరి చేతుల్లోంచి వచ్చిందో పిల్లలకు ఒక్క పూట చెప్పడానికి ఏం రోగం?

ఒళ్ళు మండి, బడికి వెళ్ళి టీచర్నే అడిగాను. "చూద్దాం లా, మేడమ్" అని ఇక్కడివాళ్ళు మాట చివర తగిలించే 'లా' ఒకటి తగిలించి, నవ్వి పంపేశారు.

పోనీ నేనే చెప్తానని పాపను దగ్గర కూర్చోబెట్టుకున్నాను.

"ఏలమ్మా? అది హిస్టరీ కాదు గదా" అంది. ఇప్పుడు క్లాసులో చెయ్యెత్తడమే మానేసింది.

మా కాలంలో బడి చెప్పకపోయినా ఇంట్లో చెప్పే నోరు ఉండేది... ఇప్పుడు ఆ నోళ్ళన్నీ మట్టిలో కలిసిపోతున్నాయి.

మీ ఇంట్లో ఎస్టేట్ చూసిన ముసలివాళ్ళు ఎవరైనా ఉన్నారా? వాళ్ళు చెప్పింది చెప్పినట్టు ఇక్కడ రాయండి. మా పాపకి చదివి వినిపిస్తాను... ఇది ఒక్క మా ఇంటి కథే కాదని దానికి తెలియాలి.