‘నొక్కు’ అన్న గొంతు

దయ్యాలను నమ్మడానికి మా ఇంట్లో వీలే లేదు. మా నాన్నకు నెల్లూరులో ఫోటో స్టూడియో ఉండేది. అప్పుడప్పుడు ఎవరో ఒకరు, ఫోటోలో తమ వెనక ఇంకో మనిషి నీడ పడిందంటూ బెదిరిపోయి వచ్చేవారు. కెమెరాలో పెట్టే ఒకే గాజు ప్లేటు మీద పొరపాటున రెండుసార్లు తీస్తే అట్లాగే వస్తుందని నాన్న ఓపికగా చూపించి పంపేవాడు. అమ్మ చర్చిలో పిల్లలకు సండే స్కూల్ చెప్పేది. పోయినవాళ్లు ప్రభువు దగ్గర ఉంటారు, సందుల్లో తిరగరు అనేది. నేనూ అదే నమ్ముతూ పెరిగాను.

ఈ సంగతి చెప్పడానికి ఇన్నేళ్లు వెనకాడింది అందుకే.

అరవైల మొదట్లో మాట. నాన్నకు పెళ్లి ఫోటోలు బతుకుతెరువు, పక్షులు ప్రాణం. శివరాత్రి వెళ్లి ఎండలు మొదలయ్యే రోజుల్లో పులికాట్ సరస్సులో నీళ్లు తగ్గిపోతాయి. మిగిలిన మడుగుల్లో చేపలు చిక్కుకుంటాయి. వాటికోసం గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు, నారాయణ పక్షులు గుంపులుగా దిగుతాయి. నాన్న స్టూడియోకు తాళం వేసి చిట్టమూరు దాకా బస్సులో, అక్కణ్ణుంచి ఎద్దుబండిలో, చివరకు పోలయ్య పడవలో ఆ మడుగుల దగ్గరికి వెళ్లేవాడు. పోలయ్య ఆ నీళ్లలోనే చేపలు పట్టి బతికే మనిషి.

నాన్నతో మా అక్క రూతు వెళ్లేది. అక్క లేకుండా నాన్న వెళ్లలేడు కూడా. ఆయనకు చిన్న వయసులోనే కళ్లలో పొర వచ్చింది. దగ్గరిది కనిపించేది, దూరానిది మసక. ఒడ్డున తాటాకులతో చిన్న గుడిసె వేసుకుని, లోపల మూడుకాళ్ల స్టాండు మీద కెమెరా పెట్టేవారు. ఎదురుగా నీళ్లలో ఒక గుంజ పాతి దానికి గురి చూసుకునేవారు. పక్షి సరిగ్గా ఆ గుంజ దగ్గర వాలే క్షణంలో నాన్న చేతిలోని రబ్బరు బుడ్డి నొక్కితేనే ఫోటో పడుతుంది. ఆ క్షణం ఆయనకు కనబడదు. అక్క ఆయన వెనక కూర్చుని, తాటాకుల సందులోంచి చూస్తూ గుసగుసగా చెప్పేది.

“ఉండు నాన్నా... ఉండు... నొక్కు.”

ఒక వానాకాలం అక్కకు టైఫాయిడ్ వచ్చింది. క్రిస్మస్ వెళ్లగానే పెళ్లి చేద్దామనుకున్న పిల్ల. ఆసుపత్రిలో వాళ్లు చేయగలిగిందంతా చేశారు. చర్చిలో అందరూ ప్రార్థన చేశారు. అక్క దక్కలేదు. ఊళ్లో ఎవరు పోయినా చివరి ఫోటో తీసిన మా నాన్న, తన బిడ్డకు తీయలేకపోయాడు. కెమెరా తెచ్చి శవపెట్టె ముందు నిలబెట్టి, నల్లగుడ్డలో తల దూర్చి, అట్లాగే ఉండిపోయాడు. మా పెద్దనాన్న వచ్చి మెల్లగా పక్కకు తీసుకెళ్లాడు.

ఆ తర్వాత నాన్న స్టూడియో తెరిచేవాడు, కుర్చీలో కూర్చునేవాడు, ఎవరైనా వస్తే రేపు రమ్మనేవాడు. మళ్లీ ఎండలు వచ్చాయి. ఒకరోజు అమ్మ నన్ను వంటింట్లోకి పిలిచింది.

“నాన్నను ఆ కొంగల దగ్గరికి తీసకపోవే. ఇట్టనే కూర్చుంటే మనిషి మిగలడు.”

తీసుకెళ్లాను. అక్క కూర్చునే చోటే కూర్చున్నాను. పక్షి వాలబోతుంటే “ఇప్పుడు” అనేదాన్ని. నేను ఆ మాట అనేసరికి అది వాలి, రెక్కలు ముడుచుకుని, నడుచుకుంటూ పోయేది. లేకపోతే ముందే తొందరపడి అనేసేదాన్ని. ఇంటికి వచ్చి ప్లేట్లు కడిగితే ఒకదాంట్లో తోక, ఒకదాంట్లో ఉత్త నీళ్లు. నాన్న కోప్పడలేదు. “నీకు అలవాటు లేదు గదా, వస్తాదిలే,” అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు నా వైపు చూడలేదు.

మరుసటి వారం మళ్లీ వెళ్లాం. గుడిసెలో సర్దుకున్నాక చూస్తే మంచినీళ్ల ముంత పడవలోనే మరిచిపోయాం. ఎండ అప్పటికే చురుక్కుమంటోంది. “నీళ్లు తెస్తానుండు నాన్నా,” అని బయటికి వచ్చాను. ఆయన నల్లగుడ్డలో తల పెట్టి గుంజను సరిచూసుకుంటున్నాడు. నా మాట విన్నాడో లేదో నేను గమనించలేదు.

పడవ ఇసక దిబ్బకు అవతల ఉంది. వెళ్లేసరికి పోలయ్య ఒడ్డున కూలబడి ఉన్నాడు. పడవ జరపబోయి ఆల్చిప్ప మీద కాలు వేశాడట, అరికాలు చీలిపోయింది. రక్తం ఆగడం లేదు. నా ఓణీ అంచు చింపి కట్టు కట్టి, రక్తం నిలిచేదాకా ఆ కాలు ఎత్తి పట్టుకుని కూర్చున్నాను. చాలాసేపే పట్టింది. అక్కణ్ణుంచి చూస్తే గుడిసె కప్పు కొన మాత్రమే కనిపిస్తుంది. గట్టిగా అరిస్తే తప్ప మాట వినిపించే దూరం కాదు.

ముంత తీసుకుని తిరిగి వచ్చేసరికి నాన్న గుడిసె బయట నిలబడి ఉన్నాడు. నవ్వుతున్నాడు. అక్క పోయాక ఆ ముఖంలో నవ్వు చూడటం అదే మొదలు.

“ఈరోజు ఒక్క ఫోటో కూడా పోయుండదు,” అన్నాడు. “బాగా చెప్పినావు తల్లీ. అచ్చం అక్క మాదిరే చెప్పినావు.”

“నేనేం చెప్పినా నాన్నా?”

“ఎప్పుడూ ‘ఇప్పుడు’ అంటావు గదా. ఈరోజు ‘నొక్కు’ అన్నావే.”

నేను ముంత కింద పెట్టాను. “నేనీడ లేను నాన్నా. పోలయ్య కాలు కోసుకుంటే పడవ దగ్గరే ఉండిపోయినా,” అన్నాను.

నాన్న నవ్వు వెంటనే పోలేదు. నేను పరాచికాలాడుతున్నానని అనుకున్నట్టున్నాడు. అంతలో పోలయ్య కుంటుకుంటూ వచ్చాడు. నాన్న అతన్ని అడిగాడు.

“నిజమేనయ్యా. అమ్మణ్ణి ఇంతసేపూ నా కాలు పట్టుకోని ఆడనే ఉండె,” అన్నాడు పోలయ్య. ఏం జరిగిందో తెలియక మా ఇద్దరి మొహాలూ చూశాడు.

నాన్న మెల్లగా వెనక్కి తిరిగి గుడిసెలోకి వంగి చూశాడు. స్టాండు, ప్లేట్ల పెట్టె, నేను కూర్చునే చాప.

“రూతూ,” అన్నాడు. పక్కగదిలో ఉన్న పిల్లను పిలిచినట్టు, మామూలుగానే పిలిచాడు. “అమ్మా రూతూ.”

మడుగులో కొంగలన్నీ ఒక్కసారిగా లేచిపోయాయి. ఆ రెక్కల చప్పుడు తప్ప నాకేమీ వినిపించలేదు. పొద్దు వాలేదాకా అక్కడే కూర్చున్నాం. ఇక పోదామని పోలయ్య కూడా అనలేదు.

ఆ ప్లేట్లు నాన్నా నేనూ కలిసి కడిగాం. ఎర్రదీపం వెలుతురులో ఒక్కొక్క బొమ్మే తేలింది. కాళ్లు ముందుకు చాపి నీళ్లను అప్పుడే తాకుతున్న గూడబాతు. రెక్కలు పూర్తిగా విప్పిన ఎర్రకాళ్ల కొంగ. ముక్కున చేపతో తల ఎత్తిన నారాయణ పక్షి. ఏదీ మసకగా లేదు, ఏదీ గుంజను దాటిపోలేదు. ఆ దూరాన కొంగకూ కొయ్యకూ తేడా తెలియని మనిషి తీసినవి అవి.

రెక్కల చప్పుడును బట్టి నొక్కి ఉంటాడని నాకు నేను చెప్పుకున్నాను. నాన్నకూ అదే చెప్పాను. ఆయన వాదించలేదు. ఇంకోసారి వెళ్లినప్పుడు నన్ను బయటే ఉండమని, ఒక్కడే లోపల కూర్చుని చెవులతో విని నొక్కి చూశాడు. అన్నీ పాడయ్యాయి. ఆ ప్లేట్లు కడిగి ఆరబెట్టి, చాలాసేపు వాటి ముందే నిలబడ్డాడు.

అమ్మకు చెప్పకూడదనుకున్నాం, కానీ ఆమెకు ఎట్లాగో తెలిసిపోయింది. తెలిసిన మర్నాడు పొద్దున పొయ్యి దగ్గర కూర్చుని, నా మొహం చూడకుండా అడిగింది.

“నన్ను గురించి ఏమన్నా అడిగిందంటనా?”

లేదమ్మా అన్నాను. సరేనని తలూపి బియ్యంలో రాళ్లు ఏరుకుంటూ కూర్చుంది. ఆ ఉదయం మా అమ్మ ఏడ్చినంతగా అక్కను పూడ్చిన రోజు కూడా ఏడవలేదు.

నాన్న కాళ్లు సాగినంతకాలం ఏటా ఎండలు మొదలు కాగానే ఆ గుడిసెకు వెళ్లాడు. తర్వాత తర్వాత కెమెరా తీసుకెళ్లడం కూడా మానేశాడు. ఆయనకు ఆ గొంతు మళ్లీ వినిపించలేదు. నాకైతే ఎప్పుడూ వినిపించలేదు. అక్క మాట్లాడగలిగిందే అయితే తన గురించి ఒక్క ముక్క చెప్పకుండా, కొంగ వాలుతోందని మాత్రమే ఎందుకు చెప్పింది? ఎన్నోసార్లు ఆలోచించాను.

చివరి రోజుల్లో నాన్నకు చూపు పూర్తిగా పోయింది. ఒక సాయంత్రం నేను అన్నం కలిపి పెడుతుంటే, ఉన్నట్టుండి నా చెయ్యి పట్టుకున్నాడు.

“ఆరోజు తల తిప్పుంటే కనపడేదేమోనే,” అన్నాడు. “కొంగ వాల్తా ఉండె. కదిల్తే లేచిపోతాదని తిప్పలేదు.”