ఉరికే తండ్రిని గీసినాయన

మా డ్రాయింగ్ సారు పోయిన కబురు నాకు బడిలో తెలిసింది. ఎనిమిదో తరగతికి లెక్క చెబుతున్నాను. ప్యూను వచ్చి గుమ్మంలో నిలబడి, "సార్, డ్రాయింగ్ సారు పోయిండు. దవాఖానకెల్లి మనిషొచ్చిండు" అన్నాడు. నేను అడిగింది ఒక్కటే. "ఆఖరికన్నా తన తమ్ముణ్ని లోపలికి పిలిచిండా?"

"లేదంట సార్. ఆయన ఇంకా దవాఖాన వరండలనే కూసున్నడంట."

చావు కబురు వినగానే అడగాల్సిన మాట కాదది. కానీ ఆయన మంచం పట్టినప్పటి నుంచీ నేను ఎదురుచూస్తున్నది ఆ పిలుపు కోసమే.

బీదరులో మా రెండిళ్లకూ ఒకటే గోడ. ఇటు మా దేవుడి గూడు, అటు ఆయన బొమ్మల గది. మిషన్ బడిలో ఆయన బొమ్మలు చెప్పేవాడు, నేను లెక్కలు. "లెక్కల సార్, మీకు అంతా సరిపోవాలె. బొమ్మల జర సరిపోకపోతేనే పానముంటది" అని నన్ను ఏడిపించేవాడు. కుంచె కడిగిన గ్లాసులోనే చాయ్ పోయించుకునేవాడు. ఆయన ఇంటావిడను నేను అక్కా అనేవాణ్ని. "ఆ కడుపుల ఎన్ని రంగులున్నయో ఏమో" అని ఆమె తిట్టేది. మైసూరు రాష్ట్రం కర్ణాటక అయినప్పుడు బడి బోర్డు మీద పాత పేరు చెరిపి కొత్తది రాసింది కూడా ఆయనే. "పేరు మార్చుడు అల్కగనే ఉన్నది సార్. రంగు ఎండితే అయిపాయె" అన్నాడు నిచ్చెన మీద నుంచి.

ఆ గది గోడల నిండా దేశదేశాల చిత్రాల అచ్చులు. చర్చి ఆదివారం బడికి వచ్చిన బొమ్మల చుట్టలు, పాత క్యాలెండర్లు. క్రైస్తవుల కథలు నాకు తెలిసినవన్నీ అక్కడ తెలిసినవే. వాళ్ల గ్రంథం చదవలేదు, ఆయన గోడ చదివాను. చిత్రకారులు క్షమను ఎట్లా గీశారన్నదే ఆయన పిచ్చి. మొహాల దగ్గర నన్ను ఆగనిచ్చేవాడు కాదు. "మొహం అబద్ధమాడ్తది సార్. చేతులు చూడుండ్రి" అనేవాడు. వ్యభిచారంలో పట్టుబడ్డ స్త్రీని రాళ్లతో కొట్టడానికి తెచ్చిన బొమ్మలో నేను యేసును చూస్తుంటే, ఆయన వేలు వెనకాల జనం మీద ఉండేది. ఒకడి పిడికిట్లో రాయి బిగిసే ఉంది. ఇంకొకడి వేళ్లు అప్పుడే వదులవుతున్నాయి. "దయ అంటే రాయి కింద పడ్డంక కాదు. పట్టు సడలెటప్పుడు జర్రసేపు ఉంటది చూడుండ్రి, గదీ. గీసినాయనకు ఎర్కనే" అన్నాడు. తన గురువును ఎరగనని బొంకిన పేతురు బొమ్మలో చాలామంది అప్పుడు కూసిన కోడిని పెద్దగా గీశారట. ఒక్కరు మాత్రం యేసు మెడ తిప్పి చూడటం గీశారు. "కొట్టలే, తిట్టలే. చూసిండు, అంతే. గా చూపుకే పేతురు ఏడ్చిండు."

తప్పిపోయిన కొడుకు కథకైతే ఆయన దగ్గర పెద్ద కట్టే ఉండేది. ఆస్తి పంచుకుపోయి, అంతా పాడుచేసుకుని తిరిగొచ్చిన కొడుకును తండ్రి అక్కున చేర్చుకునే కథ అది. ఒకదానిలో తండ్రి చేతులు రెండూ కొడుకు వీపు మీద ఉంటాయి, చూపు ఆనని మనిషి తడిమినట్టు. ఒకదానిలో కొడుకు అరికాళ్లు పగిలి నల్లబడి మనవైపు తిరిగి ఉంటాయి. చాలావాటిలో ఓ పక్కన నీడలో పెద్ద కొడుకు నిలబడి ఉంటాడు. తమ్ముడు వచ్చాడని అలిగినవాడు. "గీ పెద్దోణ్ని ఎవ్వరు చూడరు పాపం" అనేవాడు సారు.

ఒక్క యోసేపు బొమ్మే గోడకెక్కలేదు. తనను అమ్మేసిన అన్నలను యోసేపు క్షమించిన ఘట్టం. అది బీరువా మీద చుట్ట చుట్టి పడి ఉండేది. ఒకసారి విప్పబోతే నా చేయి పట్టుకున్నాడు. "అది వద్దు సార్. దానిల అన్నదమ్ములున్నరు."

ఒక ఏడాది క్రైస్తవుల జాతరలో ప్రసంగం చేసేవాళ్ల వెనక కట్టడానికి పెద్ద తెర కావాలన్నారు చర్చి సంఘం వాళ్లు. ముతక గుడ్డకు చింతగింజల జిగురూ సుద్దా పట్టించి, మన బీదరు ఎర్రమన్ను నూరి బాట గీశాడు. మళ్లీ తప్పిపోయిన కొడుకు కథే. తండ్రికి మన రైతుల ధోతి, తలకు రుమాలు. ఆ తండ్రి కొడుకుకు ఎదురు ఉరుకుతున్నాడు. రుమాలు జారింది, చెప్పు ఒకటి వెనకే ఊడిపోయింది. సంఘ పెద్దలకు అది మింగుడు పడలేదు. "పెద్దమనిషి గట్ల ఉరుకుతడా సార్? ఇజ్జత్ ఉండదా?" అన్నారు.

"బైబిల్ వాక్యంల ఉరికిండనే ఉన్నది. ఇజ్జత్ సంగతి ఆయన్నే అడుగుండ్రి" అన్నాడు సారు.

జాతరలో కుశనూర్ నుంచి వచ్చిన ఒక ముసలమ్మ ఆ తెర ముందు కూలబడి, "జర జల్ది ఉరుకు నాయనా, పోరడు పడిపోతుండు" అని బొమ్మను బతిమాలింది. ఎందుకంటే తండ్రి ఇంకా అందలేదు. ఇద్దరి మధ్యా జానెడు ఎర్ర బాట మిగిలే ఉంది.

"గా జానెడు ఎందుకిడిసిండ్రు సార్? కలిపేస్తే ఏం పోయేది?" అని అడిగాను.

"కలిసినంక ఎట్లుంటదో నాకు ఎర్కలేదు సార్. చూడంది నేను గియ్య."

ఆ మాట వేళాకోళమనే అనుకున్నాను. ఆ క్రిస్మస్‌కు నన్ను చర్చికి పిలిచారు. రొట్టె, ద్రాక్షరసం తీసుకునే ప్రభువు బల్ల దగ్గరికి, ఎవరి మీదనైనా పగ ఉంటే సమాధానపడకుండా పోకూడదని వాళ్ల కట్టుబాటు. అందరూ లేచి వెళ్లారు. అక్క కూడా వెళ్లింది. జాతర తెర గీసిన మనిషి మాత్రం వెనక చాప మీద తల వంచుకుని కూర్చునే ఉన్నాడు. చేతులు ఒళ్లో పెట్టుకున్నాడు.

"బిడ్డ పోయినప్పటికెల్లి గంతే సారూ" అంది అక్క, మర్నాడు గోడ దగ్గర. నేను ఆ పక్కింటికి రాకముందు సంగతి. వాళ్లకు ఒక్కతే కూతురు. బడి సెలవులకు బగ్దల్‌లో చిన్నాయన ఇంటికి పోయింది. అక్కడ జ్వరం తగిలింది. సారు తమ్ముడు గట్టి భక్తిపరుడు. దవాఖానకు బండి కట్టకుండా, పిల్లను ఊరి చర్చిలో పడుకోబెట్టి ఉపవాస ప్రార్థనలో కూర్చున్నాడు. దేవుడు లేపుతాడని నమ్మాడు. బీదరుకు తెచ్చేసరికి పిల్ల చల్లబడిపోయింది.

"ఎడ్లు ఇంటి ముంగటనే కట్టేసి ఉండె" అంది అక్క. "నేను ఎట్లనో మాఫ్ చేసిన. వాడు గూడ నా చేతిల పెరిగినోడే. ఈయనతోని అయితలేదు."

ఆ రోజుల్లో తమ్ముడు కాళ్ల మీద పడటానికి వచ్చిన ప్రతిసారీ సారు లోపలి గదిలోకి పోయి తలుపు వేసుకునేవాడట. దూరదేశమేమీ కాదు, బగ్దల్. బస్సెక్కితే కునుకు పట్టేలోగా దిగాలి. ఆ దూరాన్ని ఆ అన్నదమ్ములిద్దరూ జీవితమంతా దాటలేకపోయారు.

సారు దవాఖానలో చేరాక తమ్ముడు రోజూ వచ్చి వరండాలో కూర్చునేవాడు. నేను ఆయనను మొదటిసారి చూసింది అక్కడే. చూసి నిలబడిపోయాను. ఆ వంగిన మెడ, ఆ బక్క భుజాలు, ఒక పక్కకు లేచిన ఆ జుట్టు. తెర మీది కొడుకు ఆయనే. ఎదుట పడితే తలుపు వేసుకున్న మనిషి, లోపల కూర్చుని ఆ మొహాన్నే గీశాడు! నాకు ఎక్కడ లేని ఆశ పుట్టింది. గబగబా లోపలికి పోయి, "సార్, మీ తెర మీది పోరడు బయట కూసున్నడు. పిలువాల్నా?" అన్నాను.

ఆయన చాలాసేపు తన చేతులు చూసుకున్నాడు. "వాని మొహం యాదికున్నది సార్. బిడ్డ మొహం గూడ యాదికున్నది. రెండూ ఒక్క బొమ్మల పట్టుతలేవు" అన్నాడు. తర్వాత గోడ దిక్కు తిరిగి పడుకున్నాడు. నాతో ఆయన మాట్లాడిన చివరి మాట అదే.

నాకు ఆయన మీద కోపం ఉంది, దాచుకోను. క్షమను ఇన్ని బొమ్మల్లో, ఇన్ని చేతుల్లో వెతికిన మనిషికే అది చిక్కకపోతే, మనబోటివాళ్లు దేన్ని పట్టుకుని బతకాలి? మళ్లీ, తప్పుపట్టడానికి నోరు రాదు. పోయింది నా బిడ్డ కాదు. ఈ లెక్క నాకు తేలలేదు. తేలుతుందన్న నమ్మకమూ ఇప్పుడు లేదు. ఆయన నాకిచ్చింది మాత్రం నా దగ్గరే ఉంది. మనిషి ఎదురైతే మొహం కన్నా ముందు చేతులు చూస్తాను. అది ఆయన పెట్టిన భిక్ష.

సమాధుల తోటలో అందరం తలో పిడికెడు మన్ను వేశాం. తమ్ముడు గేటు బయటే నిలబడ్డాడు. అక్క అది చూసింది. వంగి పిడికెడు మన్ను తీసుకుని, అంత జనంలో, కొంగు జారుతున్నా చూసుకోకుండా గేటు దాకా ఉరికింది.

"రా, నువ్వు గూడ ఎయ్యి."

"అన్న పిలువలే వదినా."

"పిలిచెటోడు పోయిండు గద నాయనా. నేను పిలుస్తున్న, రా."

ఆయన తల అడ్డంగా ఊపాడు. అక్క ఆయన చేయి పట్టుకుని, అరచేయి తెరిచి, ఆ మన్ను అందులో పోసి, వేళ్లు ఒక్కొక్కటీ మూసింది. అయినా ఆయన లోపల అడుగు పెట్టలేదు. వెనక్కి తిరిగి బగ్దల్ బాట పట్టాడు.

ఆయన మొహం నాకు కనబడలేదు. చేతినే చూస్తూ నిలబడ్డాను. బాట మలుపు తిరిగేదాకా ఆ పిడికిలి సడలలేదు.