కొట్టేసిన లైన్ల మా అమ్మ

మా చిన్నప్పుడు... సిద్దిపేటల మా ఇంట్ల అమ్మ జొన్నరొట్టెలు చేస్తుంటే, పొయ్యి పక్కకే పీటేసుకొని బాపు కవిత్వం రాస్తుండె.

బాపు బడిల తెలుగు సారు. పిల్లల పాత నోట్‌బుక్కులల్ల మిగిలిన తెల్లకాయితాలు తెస్తే, అమ్మ దబ్బనంతోని కుట్టి రఫ్ బుక్కు చేసిచ్చేది. అమ్మకు సదువు రాదు. కుట్టుడు మాత్రం మస్తు గట్టిగ కుట్టేది.

కవిత్వమంటే కండ్లు మూసుకుంటే వచ్చేస్తదనుకునేదాన్ని... బాపు బుక్కు చూస్తే తెలిసింది. అబ్బో, ఎన్ని కొట్టివేతలో! రాసుడు, కొట్టేసుడు, మళ్ల పైన రాసుడు, అదీ కొట్టేసుడు. నడుమ అమ్మను అడిగేటోడు, "వెన్నెల సల్లగుంటదా, మెత్తగుంటదా?" అని.

"రొట్టె మాడుతుంది, జర జరుగు" అనేది అమ్మ.

ఒకసారి లైబ్రరీల కవి సమ్మేళనం పెట్టిన్రు. బాపు ప్రేమ కవితొకటి రాసి, వాకిట్ల నిలబడి పెద్దగ సదువుకుంటుండె. పక్కింటత్త విని, "వదినా, గా పూరేకుల చేతులామె ఎవలు?" అని నవ్వింది. నవ్వులాటకే అన్నది... అమ్మ మొఖం మాత్రం చిన్నబోయింది.

బాపు బయటికి పోంగనే బుక్కు తెచ్చి నా ముంగటేసింది. "సదువు బిడ్డా. గామె ఎవలో సూద్దాం."

ఎవల పేరన్న ఉంటే ఎట్ల?

సదివిన. "పూరేకుల చేతులు" కింద కొట్టేసిన "మెత్తని చేతులు"... దాని కింద కొట్టేసిన "పిండి చేతులు"... అన్నిటికన్న ముందుగాల రాసింది, "పొయ్యి మసి అంటిన నీ చేతులు".

అమ్మ తన చేతుల దిక్కు చూసుకున్నది. ఏడుస్తదనుకున్న. నవ్వింది.

బాపు రాంగనే మొదలుపెట్టింది. "ఏందయ్యా, నా చేతులు కొట్టేస్తివి? నలుగుట్ల చెప్పనీకి సిగ్గయితుందా?"

సభల బాపు మసి చేతులనే సదివిండు. అమ్మ వెనుక వరుసల నోటికి కొంగు అడ్డం పెట్టుకొని కూసున్నది... ఎంత మురిసిందో!

ఇప్పుడు బాపు లేడు. అచ్చయిన పుస్తకం ఉన్నది గాని అమ్మ దాన్ని ముట్టదు. "గా కుట్టిన బుక్కు తియ్యి బిడ్డా, కొట్టేసినయి సదువు" అంటది.

నేను సుత ఫోన్ల ఏదో ఒకటి రాస్తుంట... నచ్చకపోతే తుడిపేస్త. ముందుగాల ఏం రాసిన్నో నాకే యాదికుండదు. మీ ఇంట్ల ఎవలన్న రాసి, కొట్టేసి పెట్టిన కాయితాలున్నయా? జర తీసి సదువున్రి, మాకూ చెప్పున్రి... అండ్ల మీరే ఉంటరేమో.