క్లాసు గది తప్ప అన్నీ

మా బావ లిఫ్టులు బాగుచేస్తాడు. ఏ భవనంలోకి వెళ్ళినా ముందు లిఫ్టు ఎక్కాలి, తలుపు మూసుకోగానే గోడకి చెవి ఆనించాలి, పై అంతస్తు వచ్చేదాకా పక్కవాళ్ళు నోరెత్తకూడదు. కూతురి కోసం కాలేజీ చూడ్డానికి వెళ్ళిన మొదటిరోజు కూడా అదే వరస. మమ్మల్ని తిప్పి చూపించడానికి వచ్చిన గైడమ్మాయి లైబ్రరీ గొప్పతనం మొదలుపెట్టబోతుంటే వేలు పెదవి మీద పెట్టి ఆపేశాడు. ఆ అమ్మాయి బిత్తరపోయి నా వంక చూసింది. నేను ఏం చెప్పను? వచ్చిన పనేమిటి, ఈ మనిషి చేస్తున్నదేమిటి అని నాకు ఒళ్ళు మండిపోయింది.

నేను వెళ్ళడానికి కారణం మా అక్కకి సెలవు దొరక్కపోవడం. అక్క ఆసుపత్రిలో నర్సు. నేను స్కూలు వ్యాను నడుపుతాను, సెలవులకి స్కూళ్ళు మూసేశారు కాబట్టి వ్యానూ ఖాళీ, నేనూ ఖాళీ. ముందు సీట్లో మా అక్క కూతురు అమ్మడు, వెనక చిన్నపిల్లల సీట్లో మోకాళ్ళు గడ్డానికి తగిలేలా ముడుచుకుని బావ. పసుపు వ్యాను చూసి కాలేజీ గేటు దగ్గర వాచ్‌మన్ "పిల్లల్ని క్యాంటీన్ వైపు దింపండి" అన్నాడు. లోపల ఉన్న పిల్లవాడికి సగం జుట్టు నెరిసిందని చూశాక గానీ గేటు తియ్యలేదు.

అమ్మడికి కుడి చెవి అసలు వినపడదు. ఎడమ చెవికి మిషను పెట్టుకుంటే సగం వినపడుతుంది. మిగతా సగం ఎదుటివాళ్ళ పెదవులు చూసి పూరించుకుంటుంది. పసితనంలో వచ్చిన జ్వరం చేసిన పని అది. పిల్లకి లెక్కలంటే ప్రాణం. కాలేజీలో లెక్కలే చదవాలని పట్టు. నెలాఖరులోగా ఒక కాలేజీకి ఖాయంగా వస్తామని చెప్పాలి. ఏ కాలేజీ అయినా మాకు తెలియాల్సింది ఒక్కటే, అక్కడ మాష్టారు చెప్పే పాఠం దీనికి అందుతుందా లేదా. అది తెలియాలంటే జరుగుతున్న క్లాసులో కాసేపు కూర్చోవాలి. అంతకుమించి ఏమీ అక్కర్లేదు.

ఆ ఒక్కటి తప్ప బావ అన్నీ అడిగాడు. ఇంత దూరం వచ్చాక ఊరికే పోతామా, పూర్తిగా వాడుకోవాలి అన్నది ఆయన సిద్ధాంతం. హాస్టల్లో నీళ్ళు ఎన్ని గంటలొస్తాయి, పడమటి గదులు వేడెక్కుతాయా, బస్సు ఎక్కడ ఆగుతుంది, అన్నీ. గేటు దగ్గర పంచిన రంగుల కాగితాలు రెండేసి తీసుకున్నాడు. ఈతకొలను లోతు అడిగాడు. మా ఇంట్లో ఈత వచ్చినవాళ్ళు లేరు. ఉండబట్టలేక నేనే గైడమ్మాయిని అడిగాను, క్లాసు జరుగుతుంటే ఒకటి చూపిస్తావా అని.

"ఈరోజు క్లాసులు లేవండీ. చూడ్డానికి వచ్చేవాళ్ళ కోసమని సెలవిచ్చారు" అంది నవ్వుతూ.

కాలేజీ చూడమని పిలిచి, కాలేజీకి సెలవిచ్చారు. నా తల ప్రాణం తోకకొచ్చింది. అమ్మడు మాత్రం ఖాళీ గదిలోకి వెళ్ళి చివరి బెంచీ మీద కూర్చుని బోర్డు వైపు చూసింది. చప్పుడు లేని గదిలో దానికేం తెలుస్తుంది పాపం.

తిరుగు దారిలో బావని నిలదీశాను. "అమ్మాయికి వినపడదు, క్లాసులో కూర్చోబెట్టి చూస్తామని ఒక్క మాట చెప్తే నీ సొమ్మేం పోతుంది బావా?"

"ముందే చెప్తే వంకలు పెడతారు. చేరాక వాళ్ళే సర్దుకుంటారులే" అని నీళ్ళు నమిలాడు.

ఆయన భయం ఎక్కడిదో నాకు తెలుసు. అమ్మడిని మొదటిసారి బడిలో వెయ్యడానికి వెళ్ళినప్పుడు బావ దాపరికం లేకుండా ఉన్నదంతా చెప్పాడు. పెద్ద టీచరు ఆప్యాయంగా విని, నీళ్ళిచ్చి, "ఇలాంటి పిల్లల్ని వేరే చోట చేర్చాలి, మా దగ్గర మిగతావాళ్ళు వెనకబడతారు" అంది. బావ పిల్లని ఎత్తుకుని ఇంటిదాకా నడిచొచ్చాడు. ఆ సాయంత్రమే మా అక్కతో, "ఇకనించీ జుట్టు చెవుల మీదికి వదిలి దువ్వు" అన్నాడు. ఆ తర్వాత చేర్చిన బడిలో ఎవరికీ చెప్పలేదు. అమ్మడు మొదటి బెంచీ కోసం కొట్లాడి, పక్కపిల్ల పుస్తకం చూసి రాసుకుని, ఇంటికొచ్చి తలనొప్పితో పడుకుని అలాగే చదివింది. బావ దాన్ని గెలుపు అనుకున్నాడు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. బావ పనంతా వినడమే. లిఫ్టు కింద చీకటి గొయ్యిలోకి దిగి, మోటారు తిరుగుతుంటే కళ్ళు మూసుకుని, ఏ చక్రం అరిగిందో చప్పుడుతో పట్టేస్తాడు. తోటివాళ్ళు ముద్దుగా 'చెవి మేస్త్రి' అంటారు. ఎవరైనా ఇంటికి ఫోన్ చేసి ఆ పేరుతో అడిగితే బావ గది బయటికి వెళ్ళి మాట్లాడతాడు. ఆ పేరు మేమెవరం అనం.

రెండో కాలేజీ పేరుమోసినది. అందులో చేరిందంటే చుట్టాలందరూ నోరు మూసుకుంటారని బావ ఆశ. అక్కడ మమ్మల్ని తిప్పింది ఆఫీసు గుమాస్తా. మాట్లాడుతూ చకచకా నడిచేస్తున్నాడు. అమ్మడు ఆయన మొహం కనబడక వెనక పరుగులు. ఒక వరండా మలుపులో తలుపు తీసి ఉన్న గది, లోపల క్లాసు, అదీ లెక్కల క్లాసు.

"అటు కాదండీ, పాఠం జరుగుతోంది" అన్నాడు గుమాస్తా.

"మేం వచ్చిందే దానికి" అన్నాను.

"ఎందుకులే, వాళ్ళని ఇబ్బంది పెట్టడం" అన్నాడు బావ నా చెయ్యి లాగుతూ.

మేం ఇద్దరం అలా గుంజుకుంటుండగానే అమ్మడు లోపలికి వెళ్ళిపోయింది. చివరి బెంచీలో ఖాళీ ఉంటే కూర్చుంది. మేం తలుపు పక్కన నిలబడ్డాం. పెద్దాయన, మంచి మాష్టారులాగే ఉన్నాడు. కానీ చెప్పేదంతా బోర్డుకే చెబుతున్నాడు. అమ్మడు ముందుకు వంగింది, పక్కకి వంగింది. తర్వాత జుట్టు చెవి వెనక్కి తోసుకుని లేచి నిలబడింది.

"సార్, కొంచెం ఇటు తిరిగి చెప్తారా? మీ మొహం కనబడకపోతే నాకు వినపడదు."

గదిలో అందరూ వెనక్కి తిరిగారు. బావ మొహం మాడిపోయింది. మాష్టారు "అయ్యో, అలాగేనమ్మా" అని ఇటు తిరిగి మళ్ళీ చెప్పాడు. అమ్మడు గబగబా రాసుకుంది. కాసేపటికి మళ్ళీ బోర్డు వైపు. అమ్మడు మళ్ళీ చెయ్యెత్తింది. ఆయన మళ్ళీ తిరిగాడు, ఈసారి నవ్వలేదు. మూడోసారి చెయ్యెత్తితే సుద్దముక్క బల్ల మీద పెట్టి, "చూడ్డానికి వచ్చినవాళ్ళు చూసి వెళ్ళాలమ్మా. వీళ్ళకి పరీక్షలున్నాయి" అన్నాడు. ఎవరో కిసుక్కుమన్నారు. లోపలికి వెళ్ళి పిల్లని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చేద్దామనిపించింది. అది రాలేదు. గంట కొట్టేదాకా ఆయన వీపు చూస్తూ కూర్చుంది.

వ్యానెక్కి బయల్దేరాం. గేటు దాటాక వెనక సీట్లోంచి బావ ఏదో అన్నాడు. అలా అంటే అమ్మడికి అందదు. నేను భుజం తడితే పూర్తిగా వెనక్కి తిరిగి కూర్చుంది.

"అంతమంది ముందు ఎందుకమ్మా చెప్పుకోవడం?"

"చెప్పకపోతే వినపడుతుందా నాన్నా?"

"అది కాదురా. నిన్ను చూసి నవ్వారు."

"నవ్వితే నవ్వారు. రెండుసార్లు చెప్తే తిరిగాడు, మూడోసారి తిరగలేదు. మూడేళ్ళు రోజూ ఆయన్ని అడుక్కుంటూ నేను చదవలేను. ఈ కాలేజీ వద్దు."

"ఎంత పేరున్న కాలేజీ..." అని బావ ఆగిపోయాడు.

"నువ్వు నీళ్ళ గురించి అడిగావు, బస్సు గురించి అడిగావు. నా గురించి ఎందుకడగవు? నేనంటే నీకు సిగ్గా?"

బావ రంగుల కాగితాలు మడత పెట్టడం మొదలుపెట్టాడు. లేదు అనైనా అనొచ్చు కదా. ఆ రెండక్షరాలు అనలేని మనిషిని అక్కడే దింపేసి పోదామన్నంత కోపం వచ్చింది నాకు. అద్దంలో చూస్తే రంగుల కాగితాలు ఒళ్ళో పెట్టుకుని కిటికీ బయటికి చూస్తున్నాడు. అమ్మడు ముందుకు తిరిగి, చెవిలో మిషను తీసి జేబులో పెట్టుకుంది. ఇక ఎవరు ఏమన్నా దానికి పట్టదు.

మర్నాడు మూడో కాలేజీ. చిన్నది, గోడలకి కొత్త రంగు కూడా లేదు. మిషను ఇంకా జేబులోనే ఉంచుకుని, వస్తానో రానో అన్నట్టు నడిచింది అమ్మడు. లోపల ఒక బల్ల, బల్ల వెనక కళ్ళజోడు పెట్టుకున్న ఉద్యోగిని, ముందు పిల్లలూ తల్లిదండ్రులూ వరసగా. మా వంతు వచ్చింది. ఆవిడ తల ఎత్తకుండానే, "ముందు హాస్టల్ చూస్తారా, లైబ్రరీ చూస్తారా?" అంది.

నేను నోరు తెరవబోయాను. బావ నన్ను పక్కకి జరిపాడు. ఏదో అన్నాడు గానీ పక్కనున్న నాకే సరిగా తెలియలేదు.

"ఏమిటండీ? వినపడలేదు" అంది ఆవిడ.

బావ గొంతు సవరించుకున్నాడు. వెనక్కి తిరిగి అమ్మడి మొహం చూశాడు. దానికి తన పెదవులు కనబడేలా పక్కకి జరిగి నిలబడి, వరసలో చివరివాళ్ళు కూడా తిరిగి చూసేంత గట్టిగా అన్నాడు.

"మా అమ్మాయికి వినపడదండీ. కుడి చెవి అసలు పనిచెయ్యదు, ఎడమది సగం. లెక్కలు బాగా చేస్తుంది. హాస్టల్ వద్దు, లైబ్రరీ వద్దు. క్లాసు జరిగే గదిలో కూర్చోబెట్టండి, చాలు."

ఇంత చిన్న మాట చెప్పడానికి ఈ మనిషికి ఇన్నేళ్ళు పట్టిందా అని నాకు కోపం ముంచుకొచ్చింది, దాంతోపాటే ఏడుపూ వచ్చింది. అమ్మడు జేబులోంచి మిషను తీసి చెవికి పెట్టుకుంటూ, "మళ్ళీ చెప్పు నాన్నా" అంది.